గడపకు ఆయిల్ పెయింట్ పసుపు

కొత్త టేకు చెక్కను పాతగా చేయాలంటే ముందు దాన్ని సైకిల్ చైనుతో కొట్టాలి. కోపంగా కొడితే దెబ్బలన్నీ ఒకే తీరుగా పడి అబద్ధం బయటపడుతుంది. తీరిగ్గా, వేరే ఏదో ఆలోచించుకుంటూ, అక్కడొకటి ఇక్కడొకటి కొట్టాలి, మా ఏడో తరగతి సారు నన్ను కొట్టినట్టు. తర్వాత సన్నని మేకుతో పురుగు తొలిచినట్టు బొక్కలు పొడవాలి. నల్లరంగు పల్చగా పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయాలి. పొద్దున వచ్చిన చెక్కకు సాయంత్రానికి అరవై ఏళ్లు నిండుతాయి. నాకు ముసలితనం రావడానికి ఇంత సరంజామా అక్కర్లేకపోయింది. ఒట్టి దుమ్ముతోనే వచ్చింది.

ఆ ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి రంగుల పనిలో చేరాను. గోడలకు సున్నం, లప్పం, తలుపులకు పాలిష్, ఏది దొరికితే అది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక మా వైపు పొలాల్లో పంట బదులు ప్రహరీగోడలు మొలిచాయి. గోడ లోపల మామిడి మొక్కలు, మొక్కల మధ్య ఫామ్‌హౌస్. ఫామ్‌హౌస్ అంటే వ్యవసాయం చేయని రైతు ఇల్లు. అందులోకి వచ్చే పట్నపువాళ్లకు పల్లెటూరి ఇల్లు కావాలి. పక్కనే ఉన్న పల్లెటూరివాళ్లకు పట్నపు ఇల్లు కావాలి. ఇద్దరి మధ్యా రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డవాణ్ని నేను. గోడకు ఇటు పాతది చేయాలి, అటు కొత్తది చేయాలి. మోకాళ్లు మాత్రం రెండింటికీ అవే.

సాతంరాయి దాటి లోపలికి పోతే ఒక మేడమ్ ఫామ్‌హౌస్ ఉండేది. విమానాలు మొదలైన మరుసటి ఏడు నన్ను అక్కడ పనికి పెట్టుకున్నారు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి ఆమె. మాట నెమ్మది, మనసు మెత్తన. విమానం నెత్తిమీదుగా దిగుతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక ఆపిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకునేది. మేము కింద ఆమె మిగతా సగం మాట కోసం బ్రష్షులు పట్టుకుని ఎదురుచూసేవాళ్లం.

"మాకు అచ్చమైన పల్లెటూరి ఇల్లులా ఉండాలి బాబూ," అంది మొదటిరోజు.

"అచ్చమైన పల్లెటూరి ఇల్లంటే వాన కొట్టినప్పుడు లోపట గూడ కురవాలె మేడమ్. పెట్టమంటరా?"

ఆమె పడీపడీ నవ్వింది. నేను ఏమన్నా నవ్వేది. ఏడో తరగతి ఫెయిలైనవాడికి అదొక పెద్ద మార్కులా ఉండేది. నవ్వించినకొద్దీ పని ఇస్తుందని నవ్వించాను. అలవాటైపోయింది. ఆ అలవాటు ఎక్కడ అడ్డం తిరుగుతుందో అప్పుడు తెలియలేదు.

ఎడ్లబండి చక్రం తెచ్చి కప్పుకు వేలాడదీసి దానికి బల్బులు పెట్టాం. ఇసుర్రాయిలో పూలు వేశాం. కిరసనాయిలు కందిళ్లలోకి కరెంటు వైరు ఎక్కించాం. ప్లైవుడ్‌తో బోలు దూలాలు చేయించి వాటి మీద చెక్క గీతలు గీసింది నేనే. మా నాయన బతికున్నన్నాళ్లూ ఇంటి దూలాలకు చెదలు పట్టకుండా కాపలా కాశాడు. ఆయన కొడుకును, నేను ఆ బోలు దూలాలకు చెదలు పట్టినట్టు మేకుతో పొడిచాను. చివరికి ఒక్కటే తక్కువ పడింది. వసారాలో నిలబెట్టడానికి నిజమైన పాత దర్వాజ.

మా వైపు దర్వాజ అంటే రెక్కలు, చౌకట్టు, గడప అన్నీ కలిపి. సరిగ్గా అప్పుడే మేము మా పెంకుటిల్లు కూలగొట్టి రెండు గదుల స్లాబు వేసుకుంటున్నాం. దాని దర్వాజ మా తాత నిలబెట్టించింది. పైన తామరపూలు, రెక్కలకు ఇత్తడి కడియాలు, కింద జానెడు ఎత్తు గడప. కూలగొట్టిన ఇంటి ముందు అది ఒంటరిగా, చుట్టూ గోడల్లేకుండా రెండురోజులు నిలబడి ఉంది. నాకు సిగ్గనిపించింది. ఎందుకో తెలియదు, ముసలావిడను బట్టల్లేకుండా వీధిలో నిలబెట్టినట్టు. స్లాబుకు ఇనుము కావాలి, మేడమ్‌కు దర్వాజ కావాలి. అమ్మేసి, ట్రాలీ ఆటోలో ఎక్కించాను. ఎవరిదని మేడమ్ అడిగితే "ఒక పాతింటిది" అన్నాను. అబద్ధం కాదు కదా.

గడపను పెకిలిస్తే కింద మట్టిలో ఒక గుడ్డ మూట దొరికింది. నిలబెట్టిన నాడు పెట్టిన నవధాన్యాలు మట్టయిపోయాయి. ఒక రాగిపైసా పచ్చబడి మిగిలింది. జేబులో వేసుకున్నాను. జేబులోంచి అది నా బ్రష్షుల డబ్బాలోకి చేరింది.

ఇదంతా చేసేటప్పుడు నేను మరిచింది మా అక్కను.

మా అమ్మ పోయేనాటికి అక్కకు పదకొండేళ్లు, నాకు ఆరు. అమ్మ చేసే పనులన్నీ ఒక్కొక్కటే అక్క చేతికి వచ్చాయి. మొదట వచ్చింది గడపకు పసుపు రాయడం. శుక్రవారం పొద్దున్నే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. బొట్లు ఎప్పుడూ వంకరే, ఎందుకంటే పక్కన నేను కుదురుగా ఉండేవాణ్ని కాదు. గడప మీద కూర్చుంటే వీపు మీద ఒక్కటిచ్చేది. నేను బడి మానేసిన రోజు అదే గడపకు లోపల నిలబడి, పొద్దుగూకేదాకా నన్ను దాటనివ్వలేదు. "లోపటికి రావాల్నంటె పుస్తకాల సంచితోని రా," అంది. సంచి అప్పటికే బావిలో ఉంది. చివరికి ఆకలేస్తుందని ఏడిస్తే పక్కకు జరిగింది.

మా వైపు కొత్త దర్వాజ నిలబెట్టాలంటే ఇంటి ఆడబిడ్డ రావాలి. ధాన్యం మూట అడుగున పెట్టేది ఆమె. గడపకు మొదటి పసుపు రాసేది ఆమె. ఆమెకు చీర పెట్టి, ఆమె దాటాకే ఇంటివాళ్లు దాటాలి. పెళ్లయి పోయిన ఆడపిల్లకు పుట్టింట్లో మిగిలే పెత్తనం అదొక్కటేనని అక్క అంటుండేది. నవ్వుతూనే అనేది గానీ అందులో నవ్వులాట ఏమీ లేదు.

మా మేస్త్రి ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "రేపు నాకు వేరేకాడ స్లాబున్నది. ఇయ్యాలనే నీ తలుపు పెట్టి పోతనే," అన్నాడు. నేను అప్పుడు ఫామ్‌హౌస్‌లో మా పాత దర్వాజకు వార్నిష్ పడుతున్నాను. చేతులు జిడ్డుగా ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "కానియ్యి అన్నా," అన్నాను. రెండు ముక్కలు. సాయంత్రం ఇంటికి పోయేసరికి ఇనుప చౌకట్టు నిలబడి ఉంది, దాని కింద గడప బదులు నున్నటి నల్ల గ్రానైట్ పలక. ముఖం చూసుకోవచ్చు. చూసుకున్నాను కూడా.

దసరాకు వారం ముందు అక్క ఎప్పటిలాగే షాద్‌నగర్ బస్సు దిగి నడిచి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. పుట్టింటి గడపకు పసుపు తన ఇంట్లో కొట్టి తెచ్చేది, మా దుకాణం పసుపులో పిండి కలుపుతారని. వచ్చి గ్రానైట్ ముందు నిలబడింది.

"కడపేదిరా?" మా మాటలో గడప కడపే.

"గదే అక్కా, నీ కాళ్లకాడనే ఉన్నది."

"గిది బండ. కడప ఏదంటున్న."

"ఫామ్‌హౌజ్ల ఉన్నది. మనకంటె మంచిగున్నది. ఎండ తగల్దు, వాన తగల్దు, నెత్తిమీద ఫ్యాను."

ఆమె నవ్వలేదు. "దర్వాజ ఎన్నడు నిలవెట్టిన్రు?"

నేను ఆకాశం వైపు చూశాను. అప్పుడే ఒక్క విమానం రాదు.

"మంగళారం," అంది నా భార్య, నన్ను కాపాడే ఉద్దేశం ఏమాత్రం లేకుండా.

"నన్ను పిల్వలే."

"ఫోన్ కలవలేదక్కా."

"కలవలేదా, చెయ్యలేదా?"

"చెయ్యలే."

అక్క స్టీలు డబ్బా మూత గట్టిగా నొక్కింది. "ఆడబిడ్డ దాటని దర్వాజ, దుకాణం షట్టర్ రెండొకటే. నువ్వు దాటు, నీ పెండ్లాం పిల్లలు దాటుండ్రి. వద్దనను. నా కడప తెచ్చినప్పుడు పిలువు. అప్పుడు దాటుత."

అని, ఇంటి ముందు బోర్లించి ఉన్న ఖాళీ పెయింట్ డబ్బా మీద కూర్చుంది. మంచినీళ్లు అక్కడే తాగింది. అన్నం అక్కడే తిన్నది. బస్సు టైముకు లేచి పోయింది.

అలిగి రావడం మానేస్తే బాగుండేది. మానలేదు. బోనాలకు వచ్చింది, దసరాకు వచ్చింది, మా చిన్నదానికి జ్వరమొస్తే దవాఖానలో చూసి, మాతోపాటే ఇంటికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆ డబ్బా మీదే. పిల్లలు బయటికి పోయి ఆమె ఒళ్లో కూర్చునేవాళ్లు. నా భార్య కూర గిన్నెలు లోపలికీ బయటికీ మోసేది. ఒకసారి పెద్ద వాన. అక్క గొడుగు పట్టుకుని డబ్బా మీద కూర్చుని చాయ్ తాగుతోంది. చాయ్ తాగినకొద్దీ కప్పు నిండుతోంది.

"అక్కా, నీ చాయ ఒడుస్తలేదు, అదృష్టవంతురాలివి," అన్నాను లోపల్నుంచి.

"నీ అక్క వానల తడుస్తుంటె జోకులేస్తున్నవా?" అంది నా భార్య. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు. అక్క పేరు మీద ఆ ఇంట్లో న్యాయం జరుగుతూనే ఉంది, అక్క లోపలికి రాకపోయినా.

ఇటు మేడమ్ ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. గడప మీదున్న పాత పసుపు వెలిసిపోతోంది. వెలవదా మరి? పసుపు వారం వారం రాస్తే ఉండేది. మేడమ్ స్నేహితులు వచ్చినప్పుడల్లా ఆ దర్వాజ ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. గడప బోసిగా ఉందని ఎవరో అన్నారట.

"ఆ పసుపు, కుంకుమ బొట్లు శాశ్వతంగా ఉండేలా ఏమైనా చేయగలవా బాబూ?"

"ఐదేండ్ల గ్యారంటీతోని చేస్త మేడమ్."

మైలార్‌దేవ్‌పల్లి దాకా పోయి చిన్న డబ్బాలు రెండు తెచ్చాను, పసుపుపచ్చ ఒకటి, ఎరుపొకటి. ఆయిల్ పెయింట్. మా అమ్మ గడప మీద, మా అక్క గడప మీద, రెండు చేతులు, పొర మీద పొర, పూశాను. బొట్లు స్కేలు పెట్టి సమంగా దించాను. ఒక్కటీ వంకర పోలేదు. మేడమ్‌కు బాగా నచ్చింది. నాకూ నచ్చింది అప్పుడు. రంగులవాడి కళ్లకు రంగు సమంగా పడితే చాలు, అది దేనిమీద పడిందో తర్వాత కనిపిస్తుంది.

మూడేళ్లు అలాగే గడిచాయి. నా దగ్గు పెరిగింది, ఫామ్‌హౌస్‌లో మామిడి చెట్లు పెరిగాయి. ఒకరోజు మేడమ్ చెల్లెలి కూతురు వచ్చింది. ఇళ్ల అలంకరణ చదువుకున్న పిల్ల. షూ లేసులు విప్పుకుంటూనే ఇల్లంతా ఒక చూపు చూసి, "పెద్దమ్మా, ఇదంతా పాతబడిపోయింది," అంది.

నాకు అర్థం కాలేదు. పాతగా ఉండాలనే కదా నేను చైను పెట్టి కొట్టింది? మా ఊళ్లో పాతది ఇంకా పాతబడితే కూలుతుంది. ఇక్కడ మాత్రం ఫ్యాషన్ పోతుందట.

ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించింది. బండి చక్రం దింపాలి. కందిళ్లు తీసేయాలి. దూలాలు తెల్లగా చేయాలి. గోడలు తెలుపు, కిటికీ చువ్వలు నలుపు, కుర్చీల మీద బూడిదరంగు గుడ్డ. సామాను తగ్గించి ఒకటో రెండో పాతవి ఉంచాలి, అవి కూడా వేరే పనికి వాడాలి. "ఫామ్‌హౌస్ లాగే ఉండాలి అంకుల్, కానీ చూడగానే ఫామ్‌హౌస్ అనిపించకూడదు."

"అర్థమైంది బిడ్డా. లగ్గం కావాలె గని పిల్లగాడు కనవడొద్దు."

పెద్దమ్మా కూతురూ ఇద్దరూ నవ్వారు. తర్వాత దర్వాజ సంగతి వచ్చింది. రెక్కలు ఊడదీసి, తెల్లగా చేసి, ఇనుప పట్టా మీద పక్కకు జరిగేలా స్నానాల గదికి పెడతారు. చౌకట్టు అద్దానికి ఫ్రేమ్ అవుతుంది. గడపకు నాలుగు నల్ల ఇనుప కాళ్లు పెట్టి ముందు గదిలో బెంచీ చేస్తారు, వచ్చినవాళ్లు కూర్చుని చెప్పులు విప్పుకోవడానికి.

నా చేతిలో గీకే రేకు ఉంది. పక్కన పెట్టాను.

"మేడమ్, ఆ కడప నాకియ్యుండ్రి. అది మా అక్కది."

మేడమ్ నవ్వింది. "నీ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందయ్యా."

"నిజంగనే మేడమ్. అది మా ఇంటి దర్వాజ. మా అక్క మూడేండ్ల సంది రంగు డబ్బ మీద కూసుంటున్నది, లోపటికి వస్తలేదు."

ఆ పిల్ల నవ్వలేక కళ్లు తుడుచుకుంది. "డబ్బా మీదా? మూడేళ్లా? అంకుల్ సూపర్!"

ఇద్దరూ అలా నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఏం చేయను, అలవాటు. అన్నేళ్లూ నవ్వించి నవ్వించి, నిజం చెప్పే నోరు నాకు లేకుండా చేసుకున్నాను. ఆ సాయంత్రం దూలాలకు తెల్లరంగు వేస్తుంటే, నేనే పొడిచిన పురుగు బొక్కల్లో నేనే లప్పం నింపుతుంటే, నిచ్చెన మీద కాసేపు ఊరికే నిలబడిపోయాను.

ఇంటికి పోయి అక్కకు ఫోన్ చేశాను. ఈసారి కలిసింది, చేశాను కాబట్టి.

"అక్కా, కడపకు కాళ్లు పెడుతున్నరు. చెప్పులిడిచేతందుకు కూసుంటరట."

"పొద్దుగాల మొదటి బస్సుకొస్త. బండి తీసి పెట్టు," అంది.

మర్నాడు హైవే మీద ఆమెను బండి ఎక్కించుకుని ఫామ్‌హౌస్‌కు తీసుకుపోయాను. దారి పొడవునా ఆమె చేతిలోని స్టీలు డబ్బా నా నడుముకు గుచ్చుకుంటూనే ఉంది. మేము పోయేసరికే, రాత్రికి రాత్రే వడ్రంగి పని అయిపోయింది. గడప రెండు కొసలూ కోసేసి, నల్ల కాళ్ల మీద నిలబెట్టి ఉంది. నా ఆయిల్ పెయింట్ పసుపు నిగనిగలాడుతోంది. దాని మీద కూర్చుని ఆ పిల్ల షూ లేసులు విప్పుకుంటోంది.

"లే బిడ్డా," అంది అక్క. గొంతు పెంచలేదు. ఎందుకో తెలియకుండానే ఆ పిల్ల లేచి నిలబడింది.

అక్క కింద కూర్చుని, కొంగు అంచు తడిపి గడపను రుద్దింది. పసుపు పోలేదు. గోరుతో గీకింది. పోలేదు.

"ఏందిరా గిది?"

"పసుపు."

"పసుపు తడి తాకితె వోతది. గిది వోతలేదేంది?"

"ఆయిల్ పెయింటక్కా. ఐదేండ్ల గ్యారంటీ."

ఆమె నన్ను చూసింది, గడపను చూసింది, స్కేలు పెట్టి దించిన బొట్లను చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. మూడేళ్లలో మొదటిసారి. నవ్వి నవ్వి ఆయాసపడి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నీ చేతులిరగ," అంది.

ఆ చప్పుడుకు మేడమ్ లోపల్నుంచి వచ్చింది. "ఎవరు బాబూ ఈవిడ?"

"మా అక్క మేడమ్. డబ్బ మీద కూసునే అక్క."

మేడమ్ నవ్వబోయి ఆగింది. అదే సమయానికి విమానం వచ్చింది. అది నెత్తిమీదుగా పోయేదాకా నలుగురం కదలకుండా నిలబడ్డాం. మేడమ్ చూపు అక్క చేతిలోని స్టీలు డబ్బా మీద, పసుపుతో పచ్చబడిన దాని మూత మీద నిలిచింది. చప్పుడు దూరమయ్యాక అక్కే మాట్లాడింది.

"గిది కూసునేది కాదమ్మా. దాటేది. మా అమ్మ వోయినంక శుక్రారం శుక్రారం నేనే పసుపు వెట్టిన. మా తమ్ముడు చెప్పలేదా మీకు?"

"చెప్పాడు," అంది మేడమ్. "నేను నవ్వాను."

తర్వాత ఆమె, "తీసుకెళ్లండమ్మా," అంది.

"మరి బెంచీ, పెద్దమ్మా?" అంది ఆ పిల్ల.

"కొత్త చెక్కతో చేయిద్దాం. కాకపోతే..." మేడమ్ నా వైపు కొంచెం బెరుగ్గా చూసింది. "ఇలాగే పాతగా ఉండాలి బాబూ."

నేను సంచిలోంచి సైకిల్ చైను తీసి చూపించాను. ఆ రోజు అక్కను ఒక మామిడి చెట్టు కింద కూర్చోబెట్టి, సాయంత్రం దాకా కొత్త చెక్కను కొట్టాను. పక్కన కూర్చుని చూస్తున్న అక్క మధ్యలో ఒక్కసారి అడిగింది, "మంచి కట్టెను ఎందుకు కొడ్తున్నవ్‌రా?" జవాబు చెప్పే ఓపిక లేక, "బడికి పోతలేదట," అన్నాను.

గడపను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాం. కాళ్లు ఊడదీశాను. గరుకు కాగితం పెట్టి ఆయిల్ పెయింట్ గీకడానికి మర్నాడు ఒక పూటంతా పట్టింది. వేసింది రెండు చేతులే గానీ గట్టిగా వేశాను, నా పనితనం మీద నాకే కోపం వచ్చింది. పెయింట్ కింద నేనే పట్టిన వార్నిష్. వార్నిష్ కింద చెక్క గీతల్లో ఇంకిపోయిన అసలు పసుపు, లేతగా, మట్టి కలిసిన రంగులో. అక్కడ ఆపేశాను. ఇంకా గీకితే నున్నగా వచ్చేది. మొదటిసారి నున్నగా రాకుండా వదిలేశాను.

అక్క మళ్లీ మొదటి బస్సుకే వచ్చి, లోపలికి రాకుండా డబ్బా మీదే కూర్చుని మేస్త్రిలా పురమాయించింది. గ్రానైట్ పలకను ఉలి పెట్టి పగలగొట్టాను. కోసేసిన కొసల వల్ల గడప చౌకట్టుకు ఇటు జానెడు, అటు జానెడు తక్కువైంది. ఆ సందులు సిమెంటుతో నింపాను.

"పొట్టిగయ్యిందక్కా."

"నేను గూడ అయిన. పెట్టు."

కింద పెట్టడానికి నా భార్య నవధాన్యాలు గుడ్డలో కట్టి తెచ్చింది. నేను బ్రష్షుల డబ్బా బోర్లించి అడుగున ఉన్న రాగిపైసా తీసి ఇచ్చాను. దానికి ఎర్ర రంగు అంటుకుని ఉంది.

"గిది నీ దగ్గరనే ఉన్నదా?"

"ఉన్నది."

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "టర్పంటైన్ వాసనొస్తున్నది," అని మూటలో కట్టి, సిమెంటు పోసే ముందు తన చేత్తో పెట్టింది. గడప కూర్చున్నాక పసుపు రాసింది. బొట్లు పెట్టింది. ఒకటి వంకర పోయింది. నేను పక్కనే ఉన్నాను మరి. నా భార్య చీర పెట్టింది. అక్క చీర చంకలో పెట్టుకుని, చీరకుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తడి సిమెంటుకు తగలకుండా కుడికాలు లోపల పెట్టింది.

నేను బయటే నిలబడి ఉన్నాను, చేతులు కడుక్కోవడం మరిచిపోయి.

"తమ్మీ," అని అరిచింది లోపల్నుంచి. "గోడలకు రంగేదిరా?"

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్లలో మా ఇంటి లోపలికి ఆమె రాలేదు, రంగూ రాలేదు. ఉత్త సిమెంటు గోడలు. ఒక గోడకు మాత్రం సగం దాకా లప్పం పెట్టి ఉంది, ఎవరికో అర్జెంటు పని వచ్చి వదిలేసింది.

"గదే ఇప్పటి ఫ్యాషనక్కా. సిమెంటు సిమెంటు లెక్కనే కనవడాల్నట. ఫామ్‌హౌజ్ల గిట్ల చేయనీకి నెలరోజులు పట్టింది."

"జూటా మాటలు. ఊరందరి ఇండ్లకు రంగులేస్తవు, నీ పిల్లలేమో గోదాంల పండుతున్నరు. దీపావళి లోపల వెయ్యకపోతె మళ్ల ఆ డబ్బ మీదనే కూసుంట."

"వేస్తనక్కా."

పని అయిపోయింది కదా అని ఉన్నచోటే, గడప మీదికి వంగి కూర్చోబోయాను.

"లే!" అన్నారు లోపల్నుంచి అక్కా, ఆమె వెనకే దాటిన నా భార్యా ఒకేసారి.

లేచాను. వెనక్కి నడిచి, అక్క కూర్చునే పెయింట్ డబ్బా మీద కూర్చున్నాను. అది అనుకున్నదానికన్నా గట్టిగా ఉంది. అంచు తొడలకు కోసుకుంటోంది. దీని మీద ఆమె ఎలా కూర్చుందో మూడేళ్లు. లోపల ఇద్దరూ అప్పుడే రంగుల మాట మొదలుపెట్టారు. వంటింటికి లేతాకుపచ్చ అంటోంది నా భార్య. ముందు గదికి గులాబి అంటోంది అక్క. ఏది గెలిచినా గీకేది, పూసేది నేనే.

"తమ్మీ, చాయ చల్లారుతది. లోపటికి రా."

"వస్తున్న అక్కా. జర ఆగు," అన్నాను. ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.